బయానాకు ముందు

మూడోసారి కూడా ఆ బాత్రూమ్ దగ్గరే ఆగిపోయాం.
చిలకాకుపచ్చ టైల్స్,
నాలుగింటికోసారి ఒక ముద్దమందారం,
గులాబీరంగు వాష్‌బేసిన్.
ఎవరికో ఒకప్పుడు ఇది షోకు.
ఈ రంగు కోసమే విశాఖపట్నం దాకా పోయి
వరిగడ్డి మధ్య పెట్టి లారీలో తెచ్చుకునుంటారు.
నాకు నవ్వొస్తోంది.
నవ్వితే రేటు పడిపోతుందేమోనని
బ్రోకరు తవిటినాయుడు నా మొహమే చూస్తున్నాడు.

గుజరాతీపేటలో, నాగావళి గాలి తగిలే దూరంలో,
మా ఇద్దరి జీతాలకీ అందే ఇల్లు ఇదొక్కటే.
ఆ మాట పైకి అనకూడదని
ఆటోలోనే ఒట్టేసుకున్నాం.

కూర్మారావు లైన్‌మన్.
ఇంటిని గోడల లోపల్నుంచి చూస్తాడు.
నల్ల స్విచ్చొకటి టప్పుమని వేసి, చెవి ఆనించి,
"వైరింగు మొత్తం పీకాలి" అన్నాడు.
తర్వాత వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.
హాలుకీ భోజనాల గదికీ మధ్య ఆ ఆర్చి,
లావు టీవీ కోసం కట్టిన సిమెంటు గూడు,
జారుడద్దాల షోకేసు
(లోపల ఇంకా ఒక చెవి విరిగిన పింగాణీ కుందేలు),
పడకగది గోడంతా అంటించిన జలపాతం.
మంచుకొండలు, దేవదారులు,
చెమ్మ పట్టి కాయితం ఉబ్బిన చోట
నీళ్లు నిజంగానే దూకుతున్నట్టు.
రెండో చేతికొచ్చి ఆగాడు.
వేళ్లయిపోయాయి, ఇల్లు అవలేదు.

నాకేమో ఫోను గూడు పట్టుకుంది.
వీధి గుమ్మం పక్కన, నడుమెత్తున, జానెడు పలక.
దానిపైన సున్నం మీద పెన్సిలుతో అయిదంకెల నంబర్లు:
గ్యాసు. కరెంటాఫీసు. పాప బడి.
సుశీలత్త, రాత్రి తొమ్మిది తర్వాత.
ఎన్నిసార్లు రంగులేశారో,
ఆ చదరం చుట్టూ కుంచె తప్పుకునే పోయింది.

నాలుగోసారి నాన్నని తీసుకెళ్లాను.
ముప్ఫయ్యేళ్లు మొజాయిక్ పాలిష్ మిషను నెట్టినవాడు.
నా చిన్నప్పుడు ఇంటికొస్తే
మోకాళ్లదాకా ఎండిన బూడిదరంగు బురద
గుమ్మంలో పెచ్చులుగా రాలేది.
మాదేమో పేడ అలికిన నేల.
నా లోపల ఒక ఆశ ఉంది, ఎవరికీ చెప్పలేదు.
ఈ గచ్చు నాదేనమ్మా అంటాడని,
అంటే ఇక లెక్కలక్కర్లేదని.

చెప్పులు విడిచి, గోడ పట్టుకుని వంగి,
నేను వార్డులో జ్వరం చూసినట్టు
అరచెయ్యి నేలకి ఆనించాడు.
బొటనవేలికి ఉమ్మి తడిచేసి ఒక మూల రుద్దాడు.
"నాను సేసింది కాదే.
సిప్సు సూడు, ఓ పక్క గుంపులు, ఓ పక్క కాళీ.
రెండో రాయి తిప్పకండా మైనం పూసీసి
డబ్బులట్టుకెళిపోనాడు, ఏ ఎదవో గాని."

తవిటినాయుడు దగ్గాడు.

నాన్న ఆర్చి కిందికెళ్లి
వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి విన్నాడు.
"గోడలు మాత్తరం నిజం సెప్తన్నాయి.
గచ్చుకి మళ్లీ రాళ్లు తిప్పొచ్చు. నాలుగ్గదులు, పన్నెండ్రోజులు.
మిషను బలగలో అద్దెకిస్తారు."
ఆయన మోకాళ్ల ఎక్స్‌రే
నా బ్యాగులోనే ఉంది.

తిరుగుదారిలో ఎవరం మాట్లాడలేదు.
పచ్చ టైల్స్ సంగతి అసలే ఎత్తలేదు.
కూర్మారావు మాత్రం పాత కరెంటు బిల్లు వెనక
ఆర్చి పగలగొట్టడానికని రాసుకున్న పద్దు కొట్టేశాడు.
నేను చూడనట్టు రోడ్డు చూశాను.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నాన్న ఆటో ఆపించి
హార్డ్‌వేరు కొట్టులోకి దూరాడు.
పేపర్లో చుట్టిన సానరాయొకటి
ఒళ్లో పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.
"కొంటారో మానేస్తారో మీ ఇష్టం," అన్నాడు,
"ఆ మూల మాత్తరం నాను సూళ్లేకపోతన్నాను."